పలికే పళ్ళెము: ఎమిల్ బెర్లినర్ జీవితము

మా కేతేపల్లి హైదరాబాదు నుండి విజయవాడకు పోయే పెద్ద బాట మీద ఉన్నది. రాత్రి లేదు, పగలు లేదు, లారీల రొద ఊరి చెవిలో మోగుతూనే ఉంటుంది. అయినను ఎక్కడైనా మంచి పాట వినవస్తే ఆగి చెవి ఒగ్గే గుణము మా ఊరివారిని విడిచిపోలేదు. మేము చిన్నపిల్లలముగా ఉన్ననాడు ఏ ఇంట పెండ్లి జరిగినను మైకు సెట్టు రాక కొరకు ఎదురు చూచేవారము. పందిరి గుంజకు బాకా కట్టి, పెట్టె తెరచి, నల్లని ప్లేటు పెట్టి, దాని అంచున ముల్లు ఆనించే వరకు అక్కడి నుండి కదిలేవారము కాము. ప్లేటు నడుమ అంటించిన గుండ్రని కాగితము మీద, బాకా ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ ఉండేది. ప్లేటుతో పాటు ఆ కుక్క గిరగిర తిరుగుతుంటే మా కళ్ళు కూడా తిరిగేవి. ఆ బొమ్మ వెనుక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి కథ చదువదగినదని మాకు చాలా కాలము వరకు తెలియదు.

నేడు ప్రతి విద్యార్థి జేబులో పాట ఉన్నది, చెవిలో హెడ్‌ఫోను ఉన్నది. కొందరు అంతటితో తృప్తిపడక, మంచి యాంప్లిఫయరు, మంచి స్పీకర్లు, తిరుగుడు బల్ల కూర్చుకొని, ఇంటిలో ఒక గదిని కేవలము వినుట కొరకే ప్రత్యేకించుకొంటున్నారు. మా ఉర్దూ మిత్రులు దీనిని షౌక్ అంటారు. తెలుగులో అభిరుచి అంటాము. మన తెలుగువారిలో మద్రాసులో నివసించిన వి.ఏ.కె. రంగారావుగారు వేలకొలది గ్రామఫోను రికార్డులు సేకరించి, వాటిలోని పాటల చరిత్రను పాఠకులకు పంచి పేరుపొందిన సంగతి సంగీతాభిమానులు ఎరుగుదురు. ఈ షౌక్ గలవారందరు తెలిసియో తెలియకయో ఒకే మనిషికి ఋణపడి ఉన్నారు. ఆయన పేరు ఎమిల్ బెర్లినర్. ధ్వనిని పట్టి తిరిగి పలికించిన తొలి యంత్రము థామస్ ఎడిసన్‌ది. ఐతే ఆ ధ్వనిని పళ్ళెము వంటి బిళ్ళ మీదికి దించి, ఒక్క బిళ్ళ నుండి వేల బిళ్ళలు అచ్చు వేసి, పాటను సామాన్యుని ఇంటికి చేర్చిన ఘనత బెర్లినర్‌ది.

ఎమిల్ బెర్లినర్ 1851 మే 20వ తేదీన జర్మనీ దేశములోని హనోవర్ నగరములో ఒక యూదు కుటుంబములో జన్మించినారు. తండ్రి శామ్యూల్ వర్తకుడు, మత గ్రంథములు చదివినవాడు. తల్లి సారా సంగీతమంటే ప్రాణము పెట్టేది. ఆ దంపతులకు పదముగ్గురు సంతానము. అంతమందిని పోషించుట ఒక్కని సంపాదనతో అయ్యే పని కాదు. కావున వుల్ఫెన్‌బ్యూటెల్ పట్టణములోని బడిలో చదువుకొన్న బెర్లినర్ పదునాలుగవ ఏట, అనగా 1865లో, చదువు చాలించవలసి వచ్చినది. ఆయన పొందిన క్రమబద్ధమైన విద్య అంతే. తరువాత ఒక అచ్చు కార్యాలయములో చిన్న పనికి కుదిరినారు. ఆ పిమ్మట బట్టల దుకాణములో గుమాస్తా అయినారు. రోజంతా తానుల మధ్య మెలగిన ఆ బాలుడు, బట్ట నేసే యంత్రము ఎట్లు ఉండవలెనని ఆలోచించి తనకు తోచిన ఒక నమూనా తయారు చేసినాడని చెప్తారు. చేతిలో ఉన్న పనిని బుద్ధితో చూచుట ఆయనకు ఆనాటి నుండే అలవడినది.

1870లో ప్రష్యా, ఫ్రాన్సు దేశములకు యుద్ధము వచ్చినది. యువకులను సైన్యములోకి తీసుకొంటున్న దినములవి. ఆ సంవత్సరమే బెర్లినర్ ఓడ ఎక్కి అమెరికా చేరినారు. వాషింగ్టన్ నగరములో కుటుంబ మిత్రుడొకరి దుకాణములో గుమాస్తాగిరీ దొరికినది. మూడేండ్ల తరువాత న్యూయార్కు పోయి, చేతికి వచ్చిన పని చేసినారు. ఒక రసాయన పరిశోధనశాలలో సీసాలు కడిగినారు. పగలు ఈ విధముగా గడిపి, రాత్రులు కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో భౌతికశాస్త్రము, విద్యుత్తు గురించి చదువుకొన్నారు. పేదలకు ఉచితముగా విద్య చెప్పిన సంస్థ అది. కళాశాల మెట్లు ఎక్కని మనిషికి అక్కడి గ్రంథాలయమే కళాశాల అయినది. మన జిల్లాలలో పగలు కూలికి పోయి రాత్రి దీపము ముందు చదువుకొన్న వారిని ఎరిగిన మాకు, బెర్లినర్ జీవితములోని ఈ ఘట్టము పరదేశపు కథవలె తోచదు.

1876లో ఆయన వాషింగ్టన్‌కు తిరిగి వచ్చి మరల బట్టల దుకాణములో చేరినారు. ఆ సంవత్సరమే అలెగ్జాండర్ గ్రాహంబెల్ తన టెలిఫోనును ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూపినాడు. ఆ టెలిఫోనులో ఒక లోపము ఉండెను. మాట్లాడే మనిషి గొంతు బలమే తీగలో విద్యుత్తును పుట్టించవలెను. ఆ బలము ఎంత? కొంత దూరము పోవుసరికి మాట సన్నగిల్లి, వినీవినబడక పోయేది. బెర్లినర్ తన అద్దెగదిలో కూర్చుండి దీనికి విరుగుడు వెదకినారు. తంతి పనివాడైన ఒక మిత్రుని వద్ద ఆయన తంతి మీట కొట్టుట నేర్చుకొనుచుండగా, మీటను గట్టిగా నొక్కవలెనని ఆ మిత్రుడు హెచ్చరించినాడట. గట్టిగా నొక్కిన కొలది రెండు లోహముల కలయిక బిగిసి ఎక్కువ విద్యుత్తు ప్రవహించునని చెప్పినాడట. ఆ మాట బెర్లినర్ మనస్సులో మెరుపువలె మెరిసినది. గొంతుచేత విద్యుత్తును పుట్టించనక్కరలేదు. బ్యాటరీ నుండి విద్యుత్తు నిలుకడగా పారుచుండగా, గొంతు కదలికచేత ఆ కలయికను బిగించి సడలించిన చాలును. కాలువలో నీరు పారుచునే ఉండును, తూము తలుపును ఎత్తి దించుటయే మనిషి పని. మూసీ కాలువల కింద వ్యవసాయము చేసే మావారికి ఇంతకంటె తేలిక పోలిక చెప్పనక్కరలేదు.

ఆ సూత్రము మీద ఆయన ఒక పిల్లల ఆట డప్పు, ఒక సూది, ఒక గుండీ వంటి లోహపు ముక్క జతచేసి మైక్రోఫోను నిర్మించినారు. 1877 ఏప్రిల్‌లో దానిని ప్రభుత్వ పేటెంటు కార్యాలయములో నమోదు చేయించినారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు సంవత్సరములు, వృత్తి దుకాణపు గుమాస్తా. బెల్ కంపెనీవారు మరుసటి సంవత్సరము ఆ హక్కులు కొని, ఆయనను తమ కొలువులో చేర్చుకొన్నారు. మైక్రోఫోను ఎవరిదన్న విషయములో ఎడిసన్‌కు, ఇంగ్లండులోని హ్యూస్‌కు, బెర్లినర్‌కు మధ్య వాదము చాలా కాలము నడచినది. పేటెంటు పత్రము చేతికి వచ్చుటకు 1891 వరకు పట్టినది. ఆ మీదట ప్రభుత్వమే దానిని రద్దు చేయించుటకు దావా వేయగా, 1897లో అమెరికా సుప్రీం కోర్టు పేటెంటును నిలిపినది. ఇంత జరుగుచుండగా ఆయన చేతులు కట్టుకొని కూర్చుండలేదు. 1881లో కోరా ఆడ్లర్‌ను వివాహమాడి, అమెరికా పౌరసత్వము పొందినారు. 1884లో కొలువు విడిచి, వాషింగ్టన్‌లో సొంత పరిశోధన ప్రారంభించినారు.

అప్పటి ధ్వని యంత్రముల స్థితి ఎట్లుండెనో ఇచ్చట చెప్పవలెను. 1857లో ఫ్రాన్సు దేశీయుడు లియోన్ స్కాట్ ధ్వని కదలికలను మసి పూసిన కాగితము మీద గీతలుగా గీయించినాడు. కాని ఆ గీతలు తిరిగి పలుకవు. 1877లో ఎడిసన్ గొట్టమునకు తగరపు రేకు చుట్టి, మాటను దాని మీద నొక్కించి, తిరిగి పలికించినాడు. ఆ పిమ్మట రేకుకు బదులు మైనపు గొట్టములు వచ్చినవి. ఇవి అద్భుతములే. ఐనను రెండు కష్టములు మిగిలినవి. గొట్టములో ముల్లు పైకి కిందికి కదలుచు గాడి తవ్వును. లోతు పెరిగిన కొలది ముల్లుకు అడ్డంకి పెరిగి ధ్వని రూపు చెడును. రెండవది, గొట్టమునకు నకళ్ళు తీయుట ఆ నాటికి చేతకాని పని. నూరు గొట్టములు అమ్మవలెనంటే గాయకుడు వరుసగా పెట్టిన కొన్ని యంత్రముల ముందు అదే పాటను పదేపదే పాడవలసి వచ్చేది. పాట కొన్న ప్రతివాని కొరకు గాయకుడు గొంతు చించుకొన్నచో పాట ఎందరి ఇండ్లకు చేరగలదు?

బెర్లినర్ గొట్టమును విడిచి బిళ్ళను పట్టుకొన్నారు. ముల్లును పైకి కిందికి కాక, కుడి ఎడమలకు కదలించినారు. అందుచేత గాడి లోతు ఎక్కడ చూచినను ఒకటే. ధ్వని కదలిక అంతయు గాడి వంపులలో ఉండును. నున్నని జింకు రేకు మీద తేనెమైనపు పలుచని పొర పట్టించి, ఆ పొర మీద ముల్లుచేత ధ్వనిని గీయించి, తరువాత ఆ రేకును ఆమ్లములో ముంచినారు. మైనము చెరిగిన చోట ఆమ్లము లోహమును తిని గాడి చేసినది. ఆ రేకు నుండి తిరుగుడు అచ్చు తీసిన చాలు, ముద్రాలయములో పుస్తకము అచ్చు వేసినట్లు ఎన్ని ప్రతులైనను వేయవచ్చును. చిన్ననాడు అచ్చు కార్యాలయములో నేర్చిన విద్య ఆయనను ఇక్కడ మరువలేదని మాకు తోచును. 1887 నవంబరు 8వ తేదీన ఈ యంత్రమునకు పేటెంటు లభించినది. దానికి ఆయన పెట్టిన పేరు గ్రామఫోను. 1888 మే 16వ తేదీన ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ విద్వాంసుల ముందు దానిని పలికించి చూపినారు.

విద్వాంసులు మెచ్చుకొన్నంత మాత్రమున అంగడిలో సరుకు అమ్ముడుపోదు. 1889 ప్రాంతమున జర్మనీలో ఒక ఆటవస్తువుల కంపెనీ ఐదు అంగుళముల బిళ్ళలతో చిన్న గ్రామఫోనులు చేసి పిల్లలకు అమ్మినది. ఒక శాస్త్రజ్ఞుని జీవిత కృషి ఆటబొమ్మగా లోకములో అడుగుపెట్టినది. 1894 నుండి అమెరికాలో ఏడు అంగుళముల బిళ్ళలు వచ్చినవి. ఐనను యంత్రమును చేతితో తిప్పవలెను. చేయి తొందరపడిన పాట కీచుమనును, అలసిన పాట మూల్గును. ఎల్డ్రిడ్జ్ జాన్సన్ అను యంత్రపు పనివాడు 1896లో స్ప్రింగు మోటారు అమర్చి ఆ లోపము తీర్చినాడు. కీ ఇచ్చి విడిచిన చాలు, పాట చివర వరకు ఒకే వేగమున తిరుగును. కరెంటు ఎరుగని పల్లెలకు గ్రామఫోను పెట్టె ప్రవేశించగలిగినది ఈ కీ మహిమ చేతనే.

బిళ్ళను దేనితో చేయవలెననునది మరియొక సమస్య. సెల్యులాయిడ్ త్వరగా అరిగినది. గట్టి రబ్బరు ఎగుడుదిగుడులు పడినది. గుండీలు చేసే ఒక కంపెనీవారు వాడుచున్న లక్క మిశ్రమము బెర్లినర్‌కు నచ్చినది. లక్కకు రాతిపొడి, మసి కలిపి, వేడిచేసి, అచ్చులో నొక్కిన, అతి సూక్ష్మమైన వంపు కూడ చెరగక నిలిచినది. ఈ లక్క ఎక్కడిది? ప్రధానముగా మన భారతదేశముది. మోదుగు, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే జిగురే లక్క. ఫాల్గుణ మాసమున మా నల్లగొండ మెట్టల మీద నిప్పులు పూసినట్లు పూచే మోదుగును ఎరుగనివారు లేరు. చార్మినారు వద్ద లాడ్ బజారులో లక్కగాజులకు రాళ్ళు పొదిగే పనివారి చేతిలో కరిగేదియు ఆ లక్కయే. ఛోటానాగపూరు అడవులలో గిరిజనులు కొమ్మల నుండి గీకిన లక్క ఓడలెక్కి పోయి, లోకమందలి గాయకుల గొంతులను మోయు పళ్ళెములుగా మారి, తిరిగి మన ఇండ్లకు వచ్చినది. సుమారు అర్ధ శతాబ్దము ప్రపంచ సంగీతము మన లక్క మీద నిలిచినదనుట అతిశయోక్తి కాదు.

బెర్లినర్ మనుషులను ఎన్నుకొనుటలో కూడ నేర్పరి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను పియానో వాద్యకుడైన యువకుని ఆయన చేరదీసినారు. 1898లో లండనులో గ్రామఫోను కంపెనీ నెలకొన్నది. గైస్‌బర్గ్ అచ్చటికి పోయినాడు. అదే సంవత్సరము డిసెంబరులో హనోవరులో బెర్లినర్ సోదరుడు జోసెఫ్ తోడ్పాటుతో డాయిచ్ గ్రామఫోన్ కంపెనీ స్థాపితమైనది. ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుడు తన ఇంటి కుక్క నిప్పర్ యంత్రము ముందు చెవి రిక్కించినట్లు ఒక బొమ్మ గీసినాడు. మొదట ఆ బొమ్మలో ఉన్నది ఎడిసన్ పద్ధతి గొట్టపు యంత్రము. 1899లో లండను కంపెనీవారు దానిని కొని, గొట్టపు యంత్రమును చెరిపించి తమ గ్రామఫోనును గీయించినారు. 1900 జూలైలో బెర్లినర్ ఆ బొమ్మను అమెరికాలో తన వ్యాపార చిహ్నముగా నమోదు చేయించినారు. మా ఊరి పెండ్లి పందిట్లో తిరిగినది ఆ కుక్కయే.

ఆ సమయముననే ఆయనకు పిడుగుపాటు వంటి దెబ్బ తగిలినది. అమెరికాలో గ్రామఫోనులు అమ్ముటకు ఫ్రాంక్ సీమన్ అను వ్యాపారికి ఆయన పూర్తి హక్కు ఇచ్చి ఉండెను. లాభముల విషయములో పొరపొచ్చెములు పుట్టినవి. సీమన్ పోటీ యంత్రము వారితో చేరి, ఒప్పందమును ఆధారము చేసుకొని కోర్టుకు పోయినాడు. 1900 జూన్ 25వ తేదీన కోర్టు ఉత్తరువు వెలువడినది. దాని ఫలితముగా గ్రామఫోనును కనుగొన్న మనిషి, తాను పౌరుడైన దేశములో గ్రామఫోనును అమ్మరాదు. గ్రామఫోను అను పేరే ఆ దేశపు అంగళ్ళ నుండి క్రమముగా మాయమైనది. పదమూడేండ్ల శ్రమ ఒక్క కాగితముతో చేజారినది.

ఇట్టి సమయమున మనిషి ఏమి చేయును? కోపముతో కోర్టుల చుట్టు తిరిగి మిగిలిన ఆయువు కరిగించుకొనవచ్చును. చేదు మింగి మూల కూర్చుండవచ్చును. బెర్లినర్ ఈ రెండును చేయలేదు. తన అమెరికా హక్కులను మోటారు చేసిన జాన్సన్‌కు అప్పగించి, ప్రతిఫలముగా వాటా పుచ్చుకొన్నారు. 1901 అక్టోబరులో జాన్సన్ విక్టర్ కంపెనీ స్థాపించినాడు. కుక్క బొమ్మ అచ్చట వెలిగినది. బెర్లినర్ స్వయముగా కెనడాలోని మాంట్రియల్ నగరమున కంపెనీ పెట్టి గ్రామఫోనులు చేయించినారు. తన పేరు వెనుకకు పోయినను తన పళ్ళెము ముందుకు పోయిన చాలునని ఆయన తలచినట్లు మాకు తోచును. తుదకు గెలిచినది పళ్ళెమే. గొట్టమును చాలా కాలము పట్టుకొన్న ఎడిసన్ సైతము 1912లో బిళ్ళల వైపు మరలినాడు. 1929లో ఆయన కంపెనీ ఆ వ్యాపారమునే చాలించినది.

ఆ పళ్ళెము మన దేశమునకు వచ్చిన తీరు కూడ చెప్పదగినది. 1902 నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తా చేరి, ప్రఖ్యాత గాయని గౌహర్ జాన్ పాటలు నమోదు చేసినాడు. బాకా ముందు మూడు నిమిషములలో రాగము పాడి ముగించుట గంటల తరబడి పాడే మన విద్వాంసులకు కొత్త పరీక్ష. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పుకొనెను. అది గర్వము కాదు. ఆ అచ్చులు సముద్రము దాటి హనోవరు పోవలెను. అచ్చట బిళ్ళలు నొక్కే పనివారికి మన భాష తెలియదు. ఏ బిళ్ళ మీద ఎవరి పేరు అంటించవలెనో ఆ మాట వలననే తెలియును. మన దేశపు లక్క, మన దేశపు గొంతు, బెర్లినర్ పుట్టిన ఊరిలో కలిసినవి. 1908లో కలకత్తాలోనే బిళ్ళల కర్మాగారము వెలసినది. దర్బారులలో, కోఠాలలో మాత్రమే వినదగిన గానము, కీ ఇచ్చే పెట్టె ఉన్న ప్రతి ఇంటికి వచ్చినది. కవ్వాలీ, గజల్, తెలుగు నాటక పద్యము ఒకే పెట్టెలో పక్కపక్కన ఇమిడినవి. మనుషులను విడదీసే గోడలను పళ్ళెము పట్టించుకొనలేదు.

ఇక బెర్లినర్ జీవితములో మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచిన భాగము. 1900 ప్రాంతమున ఆయన చిన్న కుమార్తె ఆలిస్ ప్రాణాపాయమైన జబ్బు పడి కోలుకొన్నది. పసిపిల్లల మరణములకు కాచని, శుద్ధిచేయని పాలు ఒక పెద్ద కారణమని ఆయన గ్రహించినారు. తన బిడ్డ బ్రతికినది కదా అని ఊరకుండక, 1901లో వాషింగ్టన్‌లో వ్యాధి నివారణ సంఘమును నెలకొల్పినారు. పాలను వేడిచేసి సూక్ష్మక్రిములను చంపి గాని పిల్లలకు పోయరాదని పత్రికలలో ప్రకటనలు వేయించినారు, సమావేశములు జరిపించినారు, పిల్లలకు అర్థమగునట్లు శుభ్రత గురించి గేయముల పుస్తకము వ్రాసి పంచినారు. పాల వర్తకులు కొందరు, వైద్యులు కొందరు ఎదురు చెప్పినను మానలేదు. 1908లో తన తల్లి సారా పేరిట, శాస్త్ర పరిశోధన చేసే స్త్రీలకు విద్యార్థి వేతనము ఏర్పాటు చేసినారు. స్త్రీలకు పరిశోధనశాలల తలుపులు సగము మూసియున్న కాలమది. తనకు అందని చదువు మరియొకరికి అందవలెనను తపన ఆ దానములో కనబడును. మా కళాశాలలో చదువుకొంటున్న సోదరీమణులు ఈ సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొందురు గాక.

ఆయన మనస్సుకు విశ్రాంతి లేదు. హెలికాప్టరుల కొరకు తేలిక ఇంజన్ల మీద పనిచేసినారు. కుమారుడు హెన్రీ ఆ కృషిని కొనసాగించి 1922 తరువాత హెలికాప్టరును గాలిలో నిలిపి చూపినాడు. డెబ్బది దాటిన పిమ్మట సభాభవనములలో మాట ప్రతిధ్వనించి చెదిరిపోకుండ గోడలకు అంటించే పలకలను తయారు చేసినారు. నేడు మంచి స్పీకర్లు కొన్నవారు గదిలో పరదాలు, తివాచీలు పరచి ప్రతిధ్వనిని అదుపు చేయుట చూస్తున్నాము. గది కూడ ఒక వాద్యమేనని, దానిని కూడ శ్రుతి చేయవలెనని ఆయన గుర్తించినారు.

1929లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనను తన పతకముతో గౌరవించినది. ఆ సంవత్సరమే ఆగస్టు 3వ తేదీన వాషింగ్టన్‌లో డెబ్బది ఎనిమిదేండ్ల వయస్సున ఆయన కన్నుమూసినారు. అంతకు ముందే తన అంత్యక్రియల గురించి కుటుంబమునకు ఒక లేఖ వ్రాసి ఉంచినారు. ఆడంబరము వలదన్నారు. కుమార్తె ఆలిస్ పియానో మీద బీథోవెన్ సంగీతము వాయించవలెనని, పసిబిడ్డలు గల పేద తల్లులకు కొంత ధనము పంచవలెనని, సూర్యాస్తమయ వేళ తనను ఖననము చేయవలెనని కోరినారు. మనశ్శాంతి కొరకు పాటుపడుడని బిడ్డలకు, మనుమలకు చెప్పినారు. లోకమంతటికి యంత్రములో సంగీతము పెట్టి ఇచ్చిన మనిషి, తన చివరి ఘడియకు యంత్రమును కోరలేదు. ఒకనాడు చావు నోటి నుండి బయటపడిన బిడ్డ చేతి వ్రేళ్ళ సంగీతమును కోరినాడు.

ఆయన వేసిన బాట ఆయనతో ఆగలేదు. 1925 నుండి బాకాకు బదులు మైక్రోఫోను పెట్టి పాటను నమోదు చేయుట మొదలైనది. అనగా ఆయన తొలి పరిశోధన వచ్చి రెండవ పరిశోధనను ఆదుకొన్నది. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ ఒకే గాడి రెండు గోడల మీద రెండు చెవులకు వేరువేరు ధ్వని నిలిపే స్టీరియో పద్ధతికి పేటెంటు కోరినాడు. 1948లో నిమిషమునకు ముప్పది మూడు చుట్లు తిరిగే ఎల్‌.పి. వచ్చినది, లక్కకు సెలవు దొరికినది. 1982 ఆగస్టులో తొలి కాంపాక్ట్ డిస్కులు తయారైన కర్మాగారము హనోవరు పక్కనే ఉన్న లాంగెన్‌హాగెన్‌లోనిది. ముల్లు పోయి కాంతి కిరణము వచ్చినను బిళ్ళ బిళ్ళగానే మిగిలినది, అదియు బెర్లినర్ పుట్టిన గడ్డ మీదనే. హెడ్‌ఫోను కథయు ఇట్టిదే. 1910లో నథానియల్ బాల్డ్విన్ తన వంటింటి బల్ల మీద చేసిన చెవిగొట్టములను అమెరికా నౌకాదళము కొనినది. 1958లో జాన్ కాస్ సంగీతము కొరకు స్టీరియో హెడ్‌ఫోను చేసినాడు.

ఈ షౌక్ గల మిత్రులకు రెండు మాటలు చెప్పి ముగింతుము. ఖరీదైన పరికరము కొన్నవాడెల్ల వినువాడు కాడు. కొందరు పాటను విడిచి పరికరమును మాత్రమే వింటారు. యాంప్లిఫయరు మార్చుటలో చూపిన శ్రద్ధ రాగము గుర్తించుటలో చూపరు. గాడిలో వేలాది వంపులు దాగియున్నవి, వాటిని విప్పుటకు మంచి పరికరము కావలెను, నిజమే. ఐతే ఆ వంపులు ఎవరి గొంతువో, ఏ భావమువో తెలుసుకొనుట చెవి పని, మనస్సు పని. రెండవది, చెవి ఒక్కటే. దానికి విడిభాగములు అంగడిలో దొరకవు. పెద్దలు ఎనుబది డెసిబెల్స్ ధ్వనిని వారమునకు నలుబది గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. పిల్లలకు ఆ పరిమితి డెబ్బది ఐదు. మంచి హెడ్‌ఫోను గొప్పతనము బిగ్గరగా మోగుటలో లేదు. మెల్లగా మోగినప్పుడు కూడ ప్రతి స్వరమును విడివిడిగా వినిపించుటలో ఉన్నది.

పదునాలుగేండ్లకు బడి విడిచిన బాలుడు, పరదేశములో సీసాలు కడిగిన యువకుడు, తాను కనుగొన్న వస్తువును తానే అమ్మరాదని కోర్టు శాసించిన నడివయస్కుడు, పేద తల్లులను మరువని వృద్ధుడు, ఈ నలుగురు ఒక్క మనిషియే. చదువుకు డబ్బు చాలక, భాష చాలక, ధైర్యము చాలక వెనుకంజ వేసే విద్యార్థులు మాలో కొందరు ఉన్నారు. వారు ఈసారి చెవిలో పాట పెట్టుకొన్నప్పుడు ఒక్క నిమిషము ఈయనను తలచుకొనవలెనని మా కోరిక. మా ఊరి పందిట్లో ఆనాడు తిరిగిన కుక్క బొమ్మ మా కళ్ళకు ఇప్పటికిని కట్టినట్లే ఉన్నది. అది చెవి రిక్కించి ఎవరి మాట వింటున్నదో ఆనాడు మేము ఎరుగము. నేడు కొంత ఎరిగినాము.